గీతకు అటూ ఇటూ

రానున్న ఇరవై ఏళ్ళలో ఒక పట్టణంలో ఎక్కడ ఇళ్ళు లేవాలో, ఎక్కడ కర్మాగారాలు రావాలో, ఏ చెరువు చెరువుగా మిగలాలో, ఏ బాట ఎంత వెడల్పు కావాలో నిర్ణయించే పత్రాన్ని బృహత్ ప్రణాళిక అంటారు. వాడుకలో అది మాస్టర్ ప్లాన్. పురపాలక సంఘం సమావేశంలో ఇది ఎజెండాలోని అనేక అంశాలలో ఒకటిగా వస్తుంది. దానికి ముందు వీధి దీపాల కొనుగోలు, దాని తరువాత కోతుల బెడద. ముందరి అంశం మీద అరగంట వాదం జరుగుతుంది, తరువాతి అంశం మీద ముప్పావుగంట జరుగుతుంది. నడుమనున్న ఇరవై ఏళ్ళ భవితవ్యం మాత్రం పెక్కు పట్టణాలలో చేతులెత్తినంతసేపట్లో ఆమోదం పొందుతుంది. ఆ సభలో కూర్చున్నవారిని నిందించడానికి నేనీ మాట అనడం లేదు. గుమ్మం బయట ఉండిపోయిన మనలో ఎందరం ఆ పటాన్ని ఒక్కసారైనా విప్పి చూశామన్నదే నా ప్రశ్న.

ఆ పటం రంగుల భాషలో మాట్లాడుతుంది. సాధారణంగా పసుపు రంగు నివాసాలకు, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు పాఠశాలలూ ఆసుపత్రులూ ప్రార్థనాలయాల వంటి ప్రజోపయోగ స్థలాలకు, ఆకుపచ్చ ఉద్యానాలకు, లేత ఆకుపచ్చ వ్యవసాయానికి గుర్తు. వాటి మీదుగా సాగే గీతలు ఉన్న రహదారులను, రాబోయే రహదారులను చూపుతాయి. మన ఇల్లు, మన పొలం, మన ఖబరస్తాన్ ఏ రంగులో ఉన్నాయో, ఏ గీత కింద పడ్డాయో తెలియకపోతే, ఇంటి అనుమతికి దరఖాస్తు పెట్టిన రోజున, లేదా ఆడపిల్ల పెండ్లికి జాగా అమ్మబోయిన రోజున ఆ విషయం తెలుస్తుంది. అప్పటికి అభ్యంతరాల గడువు ముగిసి ఏళ్ళు గడిచి ఉంటాయి.

ఇది ఇంజినీర్ల వ్యవహారం, దీనితో మదరసాకు ఏమి సంబంధమని కొందరు మిత్రులు నన్ను అడిగారు. ఇరవై ఆరేళ్ళుగా నేను ఫిఖహ్ బోధిస్తున్నాను. మేము పాఠం చెప్పే ‘హిదాయా’ గ్రంథంలో నమాజు, రోజా అధ్యాయాలతోపాటు పొరుగువాని కొనుగోలు హక్కైన షుఫ్ఆ మీద ఒక అధ్యాయం ఉంది. బంజరును సాగులోకి తేవడం మీద, కాలువ నీటిలో వంతుల మీద, నలుగురూ నడిచే బాటలోకి ఒకడు తన ఇంటి చూరును పొడిగిస్తే కలిగే బాధ్యత మీద చర్చలు ఉన్నాయి. పూర్వ పండితులు వీటిని ధర్మానికి వెలుపలి సంగతులుగా భావించలేదు. దారి విషయంలో జనం మధ్య తగవు వస్తే దాని వెడల్పు ఏడు మూరలుగా ఉంచాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్ణయించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ తెలుపుతున్నాయి. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు పడుతుందన్న హెచ్చరిక కూడా ఆ గ్రంథాలలోనే ఉంది. జానెడు నేలకే ఇంతటి లెక్క ఉన్నప్పుడు, వేల ఎకరాల తలరాతను మార్చే కాగితాన్ని చదవకుండా వదిలివేయడం ఎట్లా తగుతుంది?

ప్రణాళిక తనంతట తానుగా చెడ్డది కాదు. మన హైదరాబాదు చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని బలిగొన్నది. ఆ విలయం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆయన సలహాలు తీసుకున్నారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వరదను ఎగువనే పట్టి ఉంచేందుకు 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అవి మూడు తరాల దాహం తీర్చాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలనూ భారీ నిర్మాణాలనూ నిషేధిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వచ్చింది. ఒక తరం గీసిన గీత మరొక తరాన్ని కాపాడగలదని, దానిని మూడవ తరం చెరిపివేయనూగలదని ఈ సంగతులు మనకు చెబుతున్నాయి. అందుకే గీసేవారి మీదనే కాక, చూస్తూ ఉండేవారి మీద కూడా బాధ్యత ఉంటుంది.

గీత మీద జనం కన్ను పడితే ఏమవుతుందో కామారెడ్డి చూపింది. 2022 చివరలో ఆ పట్టణ ముసాయిదా ప్రణాళిక వెలువడింది. అభ్యంతరాలకు అరవై రోజుల గడువు ఇచ్చారు. పట్టణంలో విలీనమైన పల్లెల రైతులు పటం తెచ్చుకొని చూస్తే, పంట పండే తమ భూములు పారిశ్రామిక జోన్‌లో కనబడ్డాయి. ఇది ముసాయిదా మాత్రమే, ఎవరి భూమినీ సేకరించడం లేదని అధికారులు చెప్పారు. ఆ మాటలో అసత్యం లేదు. కాని రంగు మారినంతనే కొనేవాడు వెనుకాడతాడు, ధర పడిపోతుంది, అక్కడ ఇంటికి అనుమతి రాదు, బిడ్డ చదువుకో పెండ్లికో దాచుకున్న ఆ రెండెకరాలు అక్కరకు రాకుండా పోతాయి. రైతుల భయం ఇదే. ఒక రైతు ప్రాణం తీసుకున్న వార్త రాష్ట్రాన్ని కలచివేసింది. 2023 జనవరిలో కలెక్టరు కార్యాలయం ముందు ధర్నా, పట్టణ బంద్ జరిగాయి. ఆ నెల 20న పురపాలక సంఘం సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ దినాలలోనే జగిత్యాలలోనూ అటువంటి తీర్మానమే జరిగింది. గడువు ముగియక ముందే పటాన్ని విప్పి చూడటం వల్లనే ఇది సాధ్యమైందన్న సంగతిని మనం గుర్తుంచుకోవాలి.

ఇక నేనుండే పట్టణం సంగతి చెబుతాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఉత్తర తెలంగాణలో అటువంటి ఊళ్ళు చాలా ఉన్నాయి: ఒక చెరువు, నాలుగు బియ్యం మిల్లులు, ఇంటింటా బీడీల చాట. మా ఊరికి 2041 వరకు వర్తించే ముసాయిదా వచ్చినప్పుడు, రెండు పెద్ద రోడ్లను కలుపుతూ ఎనభై అడుగుల కొత్త రహదారి అందులో కనిపించింది. ఆ గీత మా ఖబరస్తాన్ తూర్పు మూల మీదుగా పోతున్నది. అక్కడ మా తాతల తరం వారి సమాధులున్నాయి. వార్త తెలిసిన రాత్రి ఇషా నమాజు తరువాత మసీదులో ఎవరూ ఇంటికి పోలేదు. యువకులు కోపంతో ఉన్నారు. పెద్దలు దిగులుతో ఉన్నారు. చివరకు ముతవల్లీ గారు నా వైపు తిరిగి, “మౌలానా సాబ్, అభ్యంతర పత్రం మీరే రాయండి. గీతను యాభై గజాలు అవతలికి జరపమని అడుగుదాం, అంతే” అన్నారు. అందరూ సరేనన్నారు.

మరునాడు అసర్ నమాజు తరువాత నేను ఆ యాభై గజాల అవతల ఏమున్నదో చూడటానికి నడిచి వెళ్ళాను. అక్కడ దాదాపు నలభై ఇళ్ళున్నాయి. ప్రభుత్వ భూమిలో ఎప్పుడో వేసుకున్న రేకుల ఇళ్ళు. వాటిలో మనవారు ఉన్నారు, దళితులు ఉన్నారు, పద్మశాలీలు ఉన్నారు. ఒక వృద్ధురాలు గడపలో కూర్చొని బీడీలు చుడుతున్నది. వచ్చిన పని చెప్పాను. ఆమె చేయి ఆపకుండానే, “మౌల్సాబ్, మీ సమాధులకు గోడ ఉన్నది. మా ఇండ్లకు కాగితం గూడ లేదు. గీత ఇటు జరిగితే మేమెటు జరగాలె?” అన్నది.

ఆమె మాటకు సమాధానం నేను పాఠం చెప్పే పుస్తకంలోనే ఉంది. ఒక హానిని తొలగించడానికి దానితో సమానమైన మరొక హానిని తెచ్చిపెట్టరాదన్నది ఫిఖహ్ మూలసూత్రాలలో ఒకటి. ఇబ్ను నుజైమ్ ‘అల్ అష్బాహ్ వన్నజాయిర్’లో దీనిని వివరించారు. ప్రతి సంవత్సరం విద్యార్థులచేత దీనిని వల్లె వేయిస్తాను. మృతుల గౌరవం కాపాడటం మన విధి. వక్ఫ్ భూమిని అమ్మడానికి గాని, దానమివ్వడానికి గాని మనకెవ్వరికీ అధికారం లేదు. అయితే మృతుల నేలను కాపాడుకునేందుకు బ్రతికి ఉన్నవారి కప్పును చూపించి, అటు పొండి అని వేలెత్తే అధికారం కూడా మనకు లేదు.

కనుక మూడవ దారి వెదకవలసి వచ్చింది. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి విరమించిన మా జమాఅత్ పెద్ద ఒకరికి ఊరి నలుమూలలూ కంఠస్థం. ఆయనే పాత రెవెన్యూ నక్షా తెప్పించారు. కాలువ గట్టు వెంట ముప్పై మూడు అడుగుల బండ్ల బాట అందులో స్పష్టంగా ఉంది. దానిని వెడల్పు చేస్తే సమాధులూ తొలగవు, ఇళ్ళూ పోవు. అయితే ఆ బాట పక్కన ఒక మిల్లు ఖాళీ స్థలమూ, దానిని ఆనుకొని ఒక వెంచరూ ఉన్నాయి. ఆ వెంచరులో పది ప్లాట్లు మా జమాఅత్‌లోని ఒక పెద్దమనిషివి. మదరసా వంటశాలకు ప్రతి నెలా బియ్యం పంపేది ఆయనే.

ఆయన ఫజర్ నమాజు తరువాత నా దగ్గర కూర్చున్నారు. గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్ళు కష్టపడి కొన్న ప్లాట్లు అవి. “మౌలానా, యాభై గజాలు అవతలికి అని రాస్తే మీకేమి నష్టం? ఆ ఇళ్ళకు పట్టాలు లేవు కదా” అన్నారు. నేను ఆయనకు చెప్పినది ఇదే: “భాయ్, పట్టా ఉన్నందువల్ల మీకు పరిహారం అడిగే దారి ఉంది. మీ తరఫున ఆ మాట కూడా నేను రాస్తాను. పట్టా లేనివారికి ఆ దారి కూడా లేదు. పదిమందికి కలిగే హానిని తొలగించడానికి ఒకరు కొంత నష్టం ఓర్చుకోవాలని మన పుస్తకాలే చెబుతున్నాయి. ఆ ఒకరికి న్యాయమైన ధర ముట్టాలని కూడా షరీఅత్ కోరుతున్నది.” ఆయన చాలాసేపు మౌనంగా కూర్చొని లేచి వెళ్ళారు. అభ్యంతర పత్రం మీద సంతకం చేయలేదు. మరుసటి నెల బియ్యం రాలేదు. నేను ఆయనను తప్పుపట్టను. పద్దెనిమిదేళ్ళు బిడ్డలకు దూరంగా ఉండి సంపాదించిన దానిని ఒక గీతకు వదులుకోమనడం తేలిక మాట కాదు. ఆయన నేటికీ మొదటి వరుసలోనే నమాజు చేస్తారు, సలాముకు బదులు పలుకుతారు.

ఆ రోజులలో హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఒక ఉదంతం నాకు మరీమరీ గుర్తుకు వచ్చింది. మస్జిదె నబవీని విస్తరించవలసి వచ్చినప్పుడు, పక్కనే ఉన్న హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అందుకు అవసరమైంది. ఖలీఫా ధర చెల్లిస్తానన్నారు. అబ్బాస్ (రజి) ఒప్పుకోలేదు. రాజ్యం చేతిలో ఉన్నా ఉమర్ (రజి) గోడ కూల్చలేదు. ఇద్దరూ కలసి హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) వద్దకు మధ్యవర్తిత్వానికి వెళ్ళారు. తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది. ఆయన తలవంచారు. అప్పుడు అబ్బాస్ (రజి) తన ఇంటిని ముస్లిముల కోసం ఉచితంగా ఇచ్చివేశారు. అంతకు పూర్వం దైవప్రవక్త (స) మసీదు కోసం ఎంచుకున్న నేల సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఊరికే ఇస్తామన్నా ఆయన అంగీకరించక వెల ఇచ్చి కొన్నారు. మసీదు నిర్మాణమంతటి పుణ్యకార్యంలోనే యజమాని సమ్మతికీ ధరకూ ఇంత స్థానం ఉన్నప్పుడు, రహదారి విషయంలో వేరే చెప్పాలా?

అదే ఉమర్ (రజి) కాలంలో, హిజ్రీ 17లో, కూఫా నగరాన్ని నిర్మించారు. ప్రధాన వీధులు నలభై మూరలు, వాటి తరువాతివి ముప్పై, మధ్యరకానివి ఇరవై, సందులు ఏడు మూరలుగా ముందే కొలతలు పెట్టారని తబరీ తన చరిత్రలో రాశారు. ఇళ్ళు లేచిన తరువాత వీధులు వెదుక్కునే అవస్థ రాకుండా, వీధులు గీసిన తరువాతనే ఇళ్ళు లేపారు. దీర్ఘకాలిక ప్రణాళికకు ఇంకా ప్రాచీనమైన ఆదర్శం యూసుఫ్ ప్రవక్త (అలై) ఉదంతంలో ఉంది. ఏడేళ్ళ సమృద్ధిలో వెన్నుల్లోనే ధాన్యాన్ని నిలువ ఉంచి, తరువాతి ఏడేళ్ళ కరువును దాటించిన ఆ ఏర్పాటును దివ్య ఖుర్ఆన్ మనకు వినిపిస్తున్నది. కరువు రాకముందే కరువును గురించి ఆలోచించడాన్ని ఆ గ్రంథం దైవ విశ్వాసానికి లోటుగా చూపలేదు.

మా అభ్యంతర పత్రంలో మూడు అంశాలు రాశాము. ఖబరస్తాన్ సర్వే నంబరును, వక్ఫ్ గెజిట్‌లో దాని నమోదును మొదట చూపించాము. రెండవదిగా, గీతను పేదల ఇళ్ళ వైపు జరపవద్దని, కాలువ గట్టు బాటను తీసుకొని వెడల్పును అరవై అడుగులకు తగ్గించమని కోరాము. పట్టాదారులకు పరిహారం స్పష్టం చేయాలన్నది మూడవ అంశం. రేకుల ఇళ్ళవారూ దానిమీద సంతకాలు చేశారు, వేలిముద్రలు వేశారు. బీడీలు చుట్టే ఆ వృద్ధురాలి వేలిముద్ర మొదటి పుటలోనే ఉంది.

నాలుగవ అంశం మా ఇంటి నుండి వచ్చింది. పటాన్ని ఇంటికి తెచ్చి పరచినప్పుడు నా భార్య దానిని చూచి, చెరువు కింద ఒక పసుపు ముక్క మీద వేలు పెట్టింది. “ఇది మా ఖాలా ఇల్లు మునిగిన చోటు కదా! ఇక్కడ ఇళ్ళు కట్టమంటున్నారా?” అని అడిగింది. ఆమె చెప్పినది నిజం. వాన గట్టిగా కురిస్తే అలుగు నీరు పారే పల్లం అది. కొత్త లేఅవుట్లకు అనువుగా అది నివాస జోన్‌లో చేరింది. ఏ నల్లాకు నీరు ఎప్పుడు వస్తుందో, ఏ వీధిలో మురుగు నిలుస్తుందో, బడికి పోయే పిల్లలు ఏ మలుపులో భయపడతారో మన ఆడవారికి తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకు తెలుస్తుంది? అయినా పటం చూడటానికి వారిని పిలిచే ఇళ్ళు అరుదు.

విచారణకు పిలిచినప్పుడు మాకు దక్కినది కొద్ది నిమిషాలే. అధికారి రెవెన్యూ నక్షాను శ్రద్ధగా చూశారు, రెండు ప్రశ్నలు అడిగారు, రాసుకున్నారు. తరువాత పురపాలక సంఘం సమావేశంలో కౌన్సిలర్లు ముసాయిదాను కొన్ని మార్పులతో ఆమోదించారు. రహదారిని కాలువ గట్టుకు మార్చాలన్న సిఫారసు అందులో చేరింది. చెరువు కింది పసుపు ముక్క మాత్రం అట్లాగే ఉండిపోయింది. అది ప్రభుత్వానికి వెళ్ళింది. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఆ సిఫారసు నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే తెలుసు. పసుపు ముక్క గురించి మేము మళ్ళీ వినతి పత్రం పంపాము.

ప్రియ పాఠకులారా! మీ పట్టణంలోనూ ఇటువంటి ముసాయిదా నేడో రేపో రావచ్చు. అప్పుడు చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. పత్రికలలో వచ్చే పురపాలక ప్రకటనలను దాటవేయకండి. ఇప్పటి భూవినియోగాన్ని చూపే పటమూ, ప్రతిపాదిత పటమూ రెండూ అడిగి చూడండి, మార్పు ఎక్కడో ఆ రెండింటినీ పోల్చితేనే తెలుస్తుంది. పాసు పుస్తకంలోని సర్వే నంబరును పటంలో వెదకండి. మసీదు, ఖబరస్తాన్, ఈద్‌గాహ్ సర్వే నంబర్లు వక్ఫ్ గెజిట్‌తో సరిపోతున్నాయో లేదో ముసాయిదా రాకముందే సరిచూసుకోండి. అభ్యంతరం నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. వద్దు అన్న మాటతో ఆపక, బదులుగా ఏమి చేయవచ్చో కూడా రాయండి. అన్నిటికంటె ముందు, మీరు సూచించే కొత్త గీత ఎవరి ఇంటి మీదుగా పోతుందో స్వయంగా నడిచి వెళ్ళి చూడండి. ఆ ఇంటివారు మనవారా, కాదా అని లెక్కించకండి. పొరుగువాని హక్కు చెప్పిన ధర్మం ఆ లెక్క అడగలేదు.

మా మదరసాలో ఈ ఏడు షుఫ్ఆ అధ్యాయం చెబుతున్నప్పుడు నల్లబల్ల పక్కన మా పట్టణ పటాన్ని కూడా తగిలించాను. ఇప్పుడు పదిహేనేళ్ళున్న ఆ పిల్లలు 2041 నాటికి ఇళ్ళు కట్టుకొని, బిడ్డలను బడికి పంపుతూ ఉంటారు. వారిలో ఒకరో ఇద్దరో కౌన్సిలర్లు కూడా కావచ్చు. ఏ గీత ఎవరి గడప మీద పడుతుందో చూడగలిగే కన్ను వారికి అబ్బాలని నా కోరిక. బియ్యం లోటును ఆ రేకుల ఇళ్ళవారితో సహా ఊరివారు తలా కొంత తెచ్చి పూడ్చుతున్నారు. తూర్పు మూలలో మా పెద్దల సమాధులు ప్రస్తుతానికి చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటికి అవతల నలభై పొయ్యిలు వెలుగుతున్నాయి. ఆ రెండింటినీ కాపాడే నిర్ణయం పాలకుల చేత వెలువడాలని, ఎవరి హక్కునూ కాలరాయని వివేకం మనందరికీ కలగాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను. ఆమీన్.